శివారు కణాలకు ఎంత గడువు?

అవనిగడ్డ నుంచో కైకలూరు నుంచో పక్షవాతం వచ్చిన మనిషిని విజయవాడ తీసుకొస్తే, డాక్టరు ముందుగా అడిగేది: "ఆఖరుసారి ఎప్పుడు బాగున్నారు?" రాత్రి తొమ్మిదింటికి పడుకున్నాయన పొద్దున మూతి వంకర పోయి, కుడిచెయ్యి పడిపోయి కనిపిస్తే, లెక్క రాత్రి తొమ్మిది నుంచే. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు మామూలు గడువు నాలుగున్నర గంటలు. అది నిద్రలోనే దాటిపోయింది.

అయినా దారి మూసుకుపోలేదు. సీటీ పెర్ఫ్యూజన్ స్కాన్‌తో మెదడులో ఇంకా బతికున్నది ఎంతో చూస్తున్నారు. చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి, అది మెదడులోకి వచ్చి పోయే నిమిషంపాటు వరసగా ఫొటోలు తీస్తారు. మందు ఎక్కడికి ఎంత చేరిందో, ఎంత ఆలస్యంగా చేరిందో కంప్యూటర్ రంగుల్లో చూపిస్తుంది.

వంద గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. 20 లోపుకు పడితే కణాలు పని మానేస్తాయి, అయినా చావవు. 10 లోపుకు దిగితే నిమిషాల్లో పోతాయి. పెద్ద కాలువ పూడినా పక్క బోదె ఊటతో వాడి నిలబడ్డ శివారు పైరు లాంటిది ఆ మధ్య భాగం. దాని పేరు పెనంబ్రా. రక్తప్రవాహం మామూలులో 30 శాతం కన్నా తగ్గిన చోటును చచ్చిన భాగంగా, మందు 6 సెకన్లకు మించి ఆలస్యమైన చోటును ముప్పులో ఉన్న భాగంగా లెక్కిస్తారు. గడ్డ తియ్యకపోతే దెబ్బ ఎటు, ఎంత మేర పాకుతుందో ఈ రెంటి తేడా చెబుతుంది. పక్కదారి రక్తనాళాలు బాగుంటే పన్నెండు గంటలకీ పెనంబ్రా మిగులుతుంది. లేకుంటే రెండు గంటలకే అయిపోతుంది.

2018లో వెలువడిన డిఫ్యూజ్-3 పరిశోధనలో 6 నుంచి 16 గంటల మధ్య వచ్చినవారిని ఇలా ఎంచి, గొట్టం పంపి గడ్డ లాగేశారు. 90 రోజులకు వాళ్ళలో 45 శాతం మంది సొంతంగా పనులు చేసుకోగలిగారు. మందులతో సరిపెట్టినవారిలో 17 శాతమే.

స్కాన్‌కూ పొరపాట్లున్నాయి. మరీ తొందరగా తీస్తే బతికున్న భాగాన్నీ చచ్చినట్టు చూపవచ్చు. చచ్చిన భాగం పెద్దదైనా గడ్డ తీస్తే మేలేనని 2023లో సెలెక్ట్-2, ఏంజెల్-ఆస్పెక్ట్ పరిశోధనలు తేల్చాయి. కాబట్టి పటం చూసి వెంటనే చేతులెత్తేయడం తగదనే నా అభిప్రాయం.

పెద్ద స్ట్రోక్‌లో సగటున నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు పోతాయని అంచనా. పావురం రక్తం రాయిస్తామని, నాటుమందు పోయిస్తామని తిరగకండి. 108కి ఫోన్ చేయండి. మనిషి బాగున్న ఆఖరి టైము కాగితం మీద రాసి వెంట పంపండి.