పెన్‌గంగ ఒడ్డున ఆదిలాబాద్

పెన్‌గంగ నది మహారాష్ట్రతో ఎల్లగా పారే ఆదిలాబాద్ జిల్లాలో, పత్తి పండే నల్లరేగడి నేలలూ టేకు అడవుల గుట్టలూ కలగలిసి ఉండగా, తెలుగు, మరాఠీ, ఉర్దూలతోపాటు ద్రావిడ కుటుంబానికే చెందిన గోండి, కొలామి భాషలు కూడా వినిపిస్తాయి. గోండుల సంస్కృతికి ప్రాణం వంటిది ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు మొదలయ్యే నాగోబా జాతర. గోండుల్లోని మెస్రం వంశస్థులు కాలినడకన వెళ్లి తెచ్చిన గోదావరి జలంతో సర్పదేవత నాగోబాను అభిషేకించి, వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను ‘భేటింగ్’ అనే తంతులో దేవుడికి పరిచయం చేస్తారు. పెళ్లితో వచ్చిన స్త్రీకి కులదైవం ఎదుటే వంశంలో స్థానం కల్పించే ఈ ఆచారం ఎంతో గౌరవప్రదమైనది. 1940లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమురం భీం మరణానంతరం గోండుల స్థితిగతులను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో, అధికారులే అడవికి వచ్చి గిరిజనుల గోడు వినే దర్బారు ఈ జాతరలోనే మొదలైంది.