నుమాయిష్‌కు ముందు

1938లో పబ్లిక్ గార్డెన్సున ఆరంభమై, 1946లో నాంపల్లి మైదానమునకు తరలిన నుమాయిష్‌కు నేటికిని జనవరిలో నగరమంతయు కదలివచ్చును. పెద్దలకది వేడుక; రెండు మూడేండ్ల బెదురుబిడ్డకు మాత్రము జనసముద్రము, హోరు, ఆకాశమంటు రంగులరాట్నము!

అట్టి బిడ్డను ఒక్కసారిగా అందు దింపరాదు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాసులకు ఇందిరా పార్కు చేరువనే యున్నది. మొదట అచటి ఉయ్యాల. మరొకనాడు చిక్కడపల్లి నుండి తరువాతి స్టేషనగు నారాయణగూడకు మెట్రోలో ప్రయాణము. పిమ్మట, “అక్కడ చప్పుడుంటుంది నాన్నా, నీ చేయి పట్టుకునే ఉంటాను” అని ముందే చెప్పవలెను. తీరా వెళ్ళిన పిదప ఎక్కనన్నచో బలవంతము వలదు. పిరికివాడను పరిహాసమును వలదు. రాట్నము మరుసటి యేడును తిరుగును; చెదరిన నమ్మకము అంత సులభముగా మరలిరాదు.