కణంలో తిరిగే చక్రం

హంసలదీవి దగ్గర కృష్ణ పాయ సముద్రంలో కలిసే చోట వల లాగేవాళ్ల చేతులు చూడండి. మొదటి గుంజుకే కండ బిగుసుకుంటుంది. రొప్పు ఇంకా మొదలవదు. ఆ మొదటి కొన్ని సెకన్ల బలం కండరంలో దాచిన ఫాస్ఫోక్రియాటిన్‌ది. 1927లో దాని సంగతి తేల్చినవారు హార్వర్డ్‌లో పనిచేస్తున్న సైరస్ ఫిస్క్, మన యల్లాప్రగడ సుబ్బారావు.

భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావు, స్ప్రూ అనే పేగుల జబ్బుకు తోడబుట్టినవాళ్లను పోగొట్టుకున్న మనిషి. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరారు. 1929లో ఆయనా ఫిస్కూ కండరం నుంచి, కణాలు శక్తికి వాడుకునే ఏటీపీ అనే అణువును వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్నే కనుక్కున్నారు. మనం చెయ్యి ఎత్తినా, కన్ను ఆర్పినా, దిగులుపడినా ఖర్చయ్యేది ఏటీపీయే. మన పిల్లలకు ఏటీపీ పాఠం ఆయన పేరుతోనే మొదలుపెట్టాలని నా కోరిక.

ఇంతకీ ఆ ఏటీపీ ఎక్కడ తయారవుతుంది? ఎక్కువ భాగం కణంలో ఉండే చిన్న శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలోనే అని యూజీన్ కెనెడీ, ఆల్బర్ట్ లెనింజర్ 1948లో చూపించారు. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడే. ఎలా తయారవుతుందన్నది ఇంకా పెద్ద చిక్కుముడి. మైటోకాండ్రియా లోపలి పొరకు అవతల ప్రోటాన్లు పోగుపడతాయనీ, అవి తిరిగి లోపలికి దూకే వేగమే ఏటీపీని తయారుచేస్తుందనీ 1961లో పీటర్ మిచెల్ అన్నారు. చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. హంసలదీవి చేరే కృష్ణమ్మ పైన శ్రీశైలంలో టర్బైన్లు తిప్పినట్టే, ప్రోటాన్ల ప్రవాహం ఆ పొరలో ఒక ప్రోటీన్ చక్రాన్ని తిప్పుతుంది. ఒక్కో చుట్టుకు మూడు ఏటీపీలు. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ చక్రానికి మెరిసే సన్నని ప్రోటీన్ పోగు అతికించి, మైక్రోస్కోపు కింద అది గిరగిరా తిరగడం కళ్లారా చూశారు. ఈ యంత్రం గుట్టు విప్పినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్ నోబెల్ అందుకున్నదీ ఆ ఏడే. ఇంత చిన్న చక్రాలు, రోజు మొత్తం మీద దాదాపు మన ఒంటి బరువంత ఏటీపీని మళ్లీ మళ్లీ తయారుచేస్తూనే ఉంటాయి.

ఒంటి బరువులో రెండు శాతం ఉండే మెదడు, విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా శక్తిలో ఇంచుమించు ఇరవై శాతం తినేస్తుంది. మనసు కథ ఇక్కడే ఒంటి కథలో కలుస్తుంది.

1977 నవంబరు 19న ఉప్పెన, హంసలదీవి ఉన్న ఈ దివిసీమను ముంచింది. పది వేలమందికి పైగా పోయారు. అది చూసినవాళ్లలో వాయుగుండం కబురు వింటే ఇవాళ్టికీ నిద్ర పట్టనివాళ్లు ఉన్నారంటే అందులో వింతేముంది? భయం పుట్టగానే అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ వదులుతుంది. ఆ హార్మోన్ తయారీలో మొదటి మెట్టు మైటోకాండ్రియాలోనే, చివరి మెట్టూ అక్కడే. తిరిగి ఆ కార్టిసాల్ ప్రభావం పడేదీ మైటోకాండ్రియా మీదే. కాసేపటి భయమైతే శక్తి అందించి మనిషిని పరుగెత్తిస్తుంది. అప్పు, రోగం, ఎడతెగని దిగులు నెలల తరబడి సాగితే ఆ యంత్రమే నలుగుతుంది. ఎలుకలపై జరిగిన పరిశోధనలు ఇదే చూపాయి. మనుషుల్లోనూ జాడలున్నాయి. మార్టిన్ పికార్డ్ బృందం 2018లో ఆటిజం ఉన్న బిడ్డల్ని సాకుతున్న తల్లుల తెల్లరక్తకణాలను పరీక్షించింది. వాళ్ల మైటోకాండ్రియా పనితీరు మిగతా తల్లులకన్నా తగ్గి కనిపించింది. ముందురోజు మనసు కాస్త తేలికపడినవాళ్లలో అది మెరుగ్గా ఉంది. అంతమాత్రాన డిప్రెషన్‌కు ఇదొక్కటే కారణమనడం తప్పు. కానీ ‘అదంతా నీ మనసులోనే, ఒంట్లో ఏమీ లేదు’ అనే మాట మాత్రం ఇకనైనా మానాలి.

ఈ చక్రాలను పెంచుకునే దారీ ఉంది. ఎలుకలను కొన్ని వారాలు పరుగెత్తిస్తే కండరంలో మైటోకాండ్రియా ఎంజైములు దాదాపు రెట్టింపయ్యాయని జాన్ హాలోజీ 1967లోనే చూపారు. మైటోకాండ్రియా పేరు చెప్పి అమ్మే పొడులకు డబ్బు పోయకండి. నడవండి, కంటినిండా నిద్రపోండి. ఇంట్లో ఎవరైనా వారాల తరబడి దిగులుగా, నిస్సత్తువగా ఉంటే బద్ధకమని కసరకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.