నిర్లక్ష్యానికి ఎన్ని తూకాలు!

1995 ఫిబ్రవరి. లూధియానాలోని ఓ పెద్ద ఆస్పత్రి. రాత్రి పదకొండు గంటలవేళ ఓ పెద్దాయనకు ఊపిరాడటం లేదు. కొడుకు నర్సును పిలిచాడు, నర్సు డాక్టరుకు కబురు పెట్టింది. డాక్టర్లు వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది. ఆక్సిజన్ పెట్టమన్నారు. సిలిండర్ తెచ్చారు, బిగించారు. అందులో గ్యాస్ లేదు. కొడుకే పక్క గదిలోకి పరిగెత్తి ఇంకోటి తెచ్చాడు. దాన్ని బిగించే ఏర్పాట్లు లేక మరికొన్ని నిమిషాలు పోయాయి. ఈలోగా తండ్రి ప్రాణమూ పోయింది.

ఇది నిర్లక్ష్యం కాదని అనేవాళ్లు ఏ ఊళ్లోనూ ఉండరు. పోలీసులు డాక్టర్ల మీద నిర్లక్ష్యంతో ప్రాణం తీశారంటూ పాత శిక్షాస్మృతిలోని 304-ఎ సెక్షన్ పెట్టారు. పదేళ్లకు, 2005 ఆగస్టులో, ఆ డాక్టర్లలో ఒకరైన జేకబ్ మాథ్యూ పేరుతో సాగిన అప్పీలులో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. సిలిండర్ లేకపోవడమో, ఖాళీగా ఉండటమో ఆస్పత్రి లోపం కావచ్చు, ఆస్పత్రిని పరిహారం అడగవచ్చు, కానీ డాక్టర్లను నేరస్తులుగా బోనెక్కించడం కుదరదని తేల్చింది. నేరం అనాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు, అది చాలా తీవ్రస్థాయిలో ఉండాలని చెప్పింది.

అంటే తూకం ఒకటి కాదన్నమాట. క్రిమినల్ కోర్టుకు సందేహానికి తావులేని రుజువు కావాలి. సివిల్ కోర్టుకు, వినియోగదారుల ఫోరానికి ఏ వాదన వైపు మొగ్గు ఉందో తేలితే చాలు. కొన్నిచోట్ల అసలు తప్పెవరిదన్న ప్రశ్నే రాదు. చనిపోయిన మనిషి ఒక్కడే అయినా అతని చావు వేర్వేరు కోర్టుల్లో వేర్వేరు పేర్లతో తిరుగుతుంది.

దీనికి కోల్‌కతా కేసును మించిన ఉదాహరణ దొరకదు. అమెరికాలో స్థిరపడిన డాక్టర్ కునాల్ సాహా భార్య అనురాధ 1998లో సెలవులకు వచ్చి, చర్మవ్యాధికి వైద్యం చేయించుకుంటూ చనిపోయారు. స్టెరాయిడ్ మోతాదు మీదే వివాదమంతా. 2009 ఆగస్టు 7న సుప్రీంకోర్టు ఒకే తీర్పులో రెండు మాటలు చెప్పింది. క్రిమినల్ కేసులో డాక్టర్లు నిర్దోషులు. పరిహారం విషయంలో మాత్రం వాళ్లూ ఆస్పత్రీ బాధ్యులు. 2013లో ఆ పరిహారాన్ని 5.96 కోట్ల రూపాయలుగా ఖరారు చేసింది. వడ్డీతో కలిపితే 11 కోట్లు దాటింది. అప్పటికి పదిహేనేళ్లు గడిచాయి.

డాక్టర్లకు ఈ రక్షణ అక్కర్లేదని నేననను. ప్రతి చావుకూ డాక్టరును లాకప్‌లో వేస్తే కష్టమైన కేసు ముట్టుకునేవాడుండడు. నా పేచీ వేరే చోట ఉంది. ఇంత ఓపికైన ఆలోచన లారీ డ్రైవరు విషయంలో ఎవరైనా చేశారా?

ట్రిబ్యునల్ లెక్కలు

రోడ్డు ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్‌లో ఒక వాక్యం తప్పదు: అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి. ఆ వాక్యం చేతిలో ఉంటే మోటారు వాహనాల ట్రిబ్యునల్లో బాధితుల పని సగం అయినట్టే. అక్కడ పట్టుబట్టి విచారించేది తప్పు గురించి కాదు, లెక్క గురించి.

ముప్పై రెండేళ్ల ఆటో డ్రైవరు చనిపోయాడనుకుందాం. నెలకు 15 వేలు సంపాదన. సొంత పని చేసుకునేవాడు, నలభై లోపువాడు కాబట్టి, భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. 21 వేలయింది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి... మొత్తం నలుగురు అతని మీద ఆధారపడ్డవాళ్లు. కాబట్టి అతని సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది 15,750. ఏడాదికి 1,89,000. అతని వయసుకు గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలు కోల్పోయిన తోడు లాంటివి వేరే పద్దులు. 2009 నాటి సరళా వర్మ తీర్పు, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు కలిసి కట్టిన లెక్క ఇది. కటువుగా ఉంటుంది, కానీ ఉన్నంతలో నిజాయతీ ఉన్న లెక్క. ఏ జిల్లాలో చచ్చినా ఒకటే గుణకం.

ఇక్కడ బీమా కంపెనీ వకీలు లేచి ‘కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్’ అంటాడు. హెల్మెట్ లేదు, బండి మీద ముగ్గురున్నారు, కాబట్టి కొంత కోయండంటాడు. ముగ్గురెక్కినంత మాత్రాన కోత పెట్టకూడదని, దానివల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెద్దదైందనో చూపించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. రైళ్ల దగ్గర ఈ గొడవే తక్కువ. ప్రయాణికుడు కదిలే రైలెక్కబోయి జారిపడి చనిపోయినా, అది ఆత్మహత్యో, కావాలని చేసుకున్న గాయమో కానంతవరకు రైల్వే ట్రిబ్యునల్ 8 లక్షలు ఇప్పిస్తుంది. అతని అజాగ్రత్త లెక్కలోకి రాదు.

కరెంటు తీగదీ ఇదే దారి. మధ్యప్రదేశ్‌లో ఓ కార్మికుడు రాత్రిపూట ఫ్యాక్టరీ నుంచి సైకిల్ మీద ఇంటికి వస్తున్నాడు. రోడ్డు మీద వాన నీళ్లు, ఆ నీళ్లలో తెగిపడ్డ తీగ. ఎవరో కొక్కెం వేసి కరెంటు దొంగిలించారు, మా తప్పు లేదంది విద్యుత్ బోర్డు. ప్రమాదకరమైన సరుకుతో వ్యాపారం చేసేవాడు ఆ మాట చెప్పి తప్పించుకోలేడని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. పొలం గట్టున తెగిన తీగలకు బలయ్యే మన రైతుల కుటుంబాలు గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఇది. ఎక్స్‌గ్రేషియా చేతిలో పెట్టగానే కథ ముగిసిందనుకునే అలవాటు మనకెక్కువ.

స్టీరింగ్ పట్టిన చెయ్యి

డబ్బు విషయంలో చట్టం ఇంత ఉదారం. జైలు మాటకొచ్చేసరికి మాత్రం ప్రమాదానికి దగ్గరగా ఉన్న చేతినే పట్టుకుంటుంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, 106వ సెక్షన్ కింద, నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే అయిదేళ్ల దాకా జైలు. పాత చట్టంలో రెండేళ్లే. వైద్యం చేస్తూ చేసిన తప్పుకు మాత్రం డాక్టరుకు ఆ రెండేళ్ల పరిమితే ఉంచారు. మరి గుంతలు పూడ్చని, మలుపు తప్పుగా కట్టిన కాంట్రాక్టరుకు? 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198-ఎ చేర్చారు. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించనందువల్ల మనిషి చనిపోతే లక్ష రూపాయల దాకా జరిమానా. జైలు లేదు. అదే గుంతలో అదే రాత్రి బస్సు పడితే డ్రైవరుకు అయిదేళ్లు, గుంతకు లక్ష.

డ్రైవర్లు ఊరుకోలేదు. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్లు అని కొత్త సెక్షన్ రెండో భాగంలో ఉందని తెలిసి 2024 జనవరి మొదట్లో దేశమంతా లారీలు ఆపేశారు. ఆగితే జనం చావగొడతారు, ఆగకపోతే పదేళ్లా అన్నది వాళ్ల ప్రశ్న. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు. చంచల్‌గూడలో ఓ ఫుడ్ డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి ఆర్డరు అందించిన వీడియో చూసి అందరూ నవ్వుకున్నారు. కేంద్రం దిగివచ్చింది. చట్టమంతా అమల్లోకి తెచ్చినప్పుడు ఆ ఒక్క భాగాన్ని పక్కన పెట్టింది.

నిర్లక్ష్యం పెద్దదయ్యేకొద్దీ, పది బల్లల మీదుగా నడిచిన ఫైలు అయ్యేకొద్దీ, తిలాపాపం తలా పిడికెడు అయి ఎవరి వంతూ శిక్షకు చాలదు. భోపాల్ దీనికి సాక్ష్యం. 1984లో వేలమంది చనిపోయిన కేసులో సీబీఐ పెట్టింది పదేళ్ల జైలు పడే 304 రెండో భాగం. 1996లో సుప్రీంకోర్టు దాన్ని 304-ఎకి దించింది. అంటే రోడ్డు ప్రమాదం సెక్షన్. 2010 జూన్ 7న భోపాల్ కోర్టు నిందితులకు రెండేళ్ల జైలు వేసింది, అదే రోజు బెయిలూ ఇచ్చింది. ఆ సెక్షన్ కింద అంతకు మించి వేసే వీలే లేదు.

అదే సుప్రీంకోర్టు డబ్బు దగ్గర ఎంత ధైర్యం చేసిందో చూడండి. 1985 డిసెంబరులో ఢిల్లీ శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకయ్యాక, మరుసటి ఏడాది జస్టిస్ భగవతి ధర్మాసనం సంపూర్ణ బాధ్యత సూత్రం తెచ్చింది. ప్రమాదకర పరిశ్రమ ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నానన్నా వినక్కర్లేదు, నష్టం జరిగితే కట్టాల్సిందే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఊళ్లోకి వచ్చినప్పుడు హరిత ట్రిబ్యునల్ మరుసటి రోజే 50 కోట్లు కట్టమంది. ఆ ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణోగ్రత కొలిచేవారు, వేడెక్కింది పైభాగం. ఊరిని లేపాల్సిన సైరన్ మోగలేదు. ఇవన్నీ విచారణ కమిటీ నివేదికలోకెక్కాయి.

సర్కారు మాటేమిటి?

1947లో మీరట్ పోలీసులు ఓ వ్యాపారి దగ్గర నూరు తులాల పైచిలుకు బంగారం పట్టుకుని ఠాణాలో దాచారు. దాన్ని కాపలా కాయాల్సిన హెడ్ కానిస్టేబులు మూట కట్టుకుని పాకిస్తాన్ వెళ్లిపోయాడు. పోలీసుల నిర్లక్ష్యం నిజమే, కానీ అది ప్రభుత్వ సార్వభౌమ విధి కాబట్టి పరిహారం రాదని 1964లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ గోడకు కన్నం పెట్టింది మన కోయిలకుంట్ల. 1977 మేలో అక్కడి సబ్ జైల్లో రిమాండులో ఉన్న తండ్రీకొడుకులు తమకు ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. ఓ తెల్లవారుజామున ప్రత్యర్థులు జైల్లోకి చొరబడి బాంబులు విసిరారు. తండ్రి చనిపోయాడు, కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి గాయాలతో బతికారు. కింది కోర్టు దావా గడువు దాటిందని కొట్టేసింది. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇమ్మంది. ప్రభుత్వం ఆ మాత్రం డబ్బుకూ సుప్రీంకోర్టుకెళ్లి సార్వభౌమాధికారం పాట పాడింది. జీవించే హక్కు ముందు ఆ పాట చెల్లదని తీర్పు వచ్చింది. అది 2000వ సంవత్సరం.

ఇక న్యాయవాదుల సంగతి. డాక్టరు సేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేల్చిన సుప్రీంకోర్టు, వకీలు సేవ రాదని 2024 మే 14న తేల్చింది. కక్షిదారు చెప్పినట్టు నడుచుకునేవాడు కాబట్టి వకీలు సేవ ప్రత్యేకమైనదట. వాయిదాకు రాని వకీలు వల్లో, అప్పీలు గడువు దాటనిచ్చిన వకీలు వల్లో భూమి పోగొట్టుకున్నవాడు ఫోరానికి వెళ్లలేడు. దారి పూర్తిగా మూసేయలేదు, సివిల్ దావా వేసుకోవచ్చు. అయితే వకీలు మీద దావా వేయడానికి ముందు ఇంకో వకీలును ఒప్పించాలి. కోర్టు ఫీజు అదనం.