గొంతు మారితే అండాశయం వైపూ చూడాలి

మగ హార్మోనుగా పేరుబడిన టెస్టోస్టిరాన్ ఆడవారి ఒంట్లోనూ నిత్యం తయారవుతూనే ఉంటుంది. అందులో సుమారు పావు వంతు అండాశయాల నుంచి, మరో పావు వంతు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వస్తే, మిగిలిన సగం ఆండ్రోస్టీన్‌డయోన్ అనే మరో హార్మోను కొవ్వులోనూ చర్మంలోనూ మార్పు చెందడం వల్ల పుడుతుంది. ఆడ హార్మోను ఈస్ట్రోజన్ తయారు కావాలన్నా ముందు ఈ మగ హార్మోన్ల దశ దాటాల్సిందే. అండం పెరిగే పుటిక చుట్టూ బయటి వరుసలో ఉండే థీకా కణాలు, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్ అనే హార్మోను ప్రేరణతో, కొలెస్టరాల్‌ను అంచెలంచెలుగా ఆండ్రోజన్లుగా, అంటే పురుష హార్మోన్లుగా మారుస్తాయి. లోపలి వరుసలోని గ్రాన్యులోజా కణాలు వాటిని అందుకుని ఆరోమటేజ్ అనే ఎంజైముతో ఈస్ట్రోజన్ చేస్తాయి.

ఆండ్రోజన్లను స్రవించే అండాశయ గడ్డల్లో ఈ పొత్తు చెదిరిపోతుంది. మొదటి సగం పని చేసే ఎంజైములు గడ్డ కణాల్లో పుష్కలంగా ఉంటాయి, వాటి జోరుకు తగినంత ఆరోమటేజ్ ఉండదు. దాంతో టెస్టోస్టిరాన్ మారకుండానే రక్తంలోకి పొంగుతుంది. పిట్యూటరీ ఎల్‌హెచ్‌ను తగ్గించినా స్రావం మామూలు అండాశయంలో వలె పద్ధతిగా అణగదు. అయితే కొన్ని గడ్డల కణాలు ఎల్‌హెచ్‌కు ఇంకా స్పందిస్తూనే ఉంటాయి కనుక, మందులతో ఆండ్రోజన్లు తగ్గాయన్న ఒక్క కారణం చూపి గడ్డ లేదని తేల్చెయ్యడం పొరపాటు.

వీటిలో సెర్టోలి–లైడిగ్ గడ్డలు ఎక్కువగా ఇరవైలలో, ముప్పైలలో ఉన్న స్త్రీలకు వస్తాయి. అండాశయ గడ్డలన్నిటిలో ఇవి అర శాతం కూడా ఉండవు. పురుషుల వృషణాల్లో ఉండే రెండు రకాల కణాలను పోలిన కణాలు వీటిలో కనిపిస్తాయి, ఆ పేరు అందుకే. లైడిగ్ కణాలు మాత్రమే ఉన్న గడ్డలు సాధారణంగా ముట్లుడిగిన తరువాత వస్తాయి. వాటి కణాల్లో కొన్నిసార్లు రైన్కే స్ఫటికాలు అనే సన్నని కడ్డీల వంటివి సూక్ష్మదర్శినిలో కనబడతాయి.

అవాంఛిత రోమాలు కనబడగానే గడ్డ ఉందని భయపడనక్కరలేదు, ఎందుకంటే అలాంటివారిలో అత్యధికులకు ఉండేది పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ (పీసీఓఎస్). అది ఈడేరిన నాటి నుంచి ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరే సమస్య. గడ్డ తెచ్చే మార్పు నెలల్లోనే జరుగుతుంది. మొదట నెలసరి తప్పుతుంది, తరువాత గడ్డం మీద, ఛాతీ మీద ముతక వెంట్రుకలు మొలుస్తాయి, కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది, గొంతు మొరటుదేరుతుంది, యోనిశీర్షం పెరుగుతుంది. హార్మోను ఎంత ఉందన్నదే కాక, మార్పు ఎంత వేగంగా వచ్చిందన్నదీ వైద్యుడు అడిగి తెలుసుకోవలసిన విషయం.

ఈ క్రమంలో మొదటి సూచన, అంటే నెలసరి తప్పడం, గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చాలామంది విషయంలో అసలు కనబడే వీలే లేదు. 2015–16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 8.9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నారు. దేశంలో అదే అత్యధికం. గర్భసంచి తీసినా అండాశయాలను ఉంచిన స్త్రీకి గడ్డ వచ్చే అవకాశం అలాగే ఉంటుంది, దాన్ని పట్టిచ్చే నెలసరి మాత్రం ఉండదు. ఇక మిగిలినవి వెంట్రుకలు, గొంతు. కోల్డ్ స్టోరేజీల దగ్గర ముక్కూ నోరూ కొంగుతో కట్టుకుని, మిరప రాశుల మధ్య కూర్చుని తొడిమలు తీసే ఆడకూలీ గొంతు బొంగురుపోతే ఆమెతో సహా అందరూ ఘాటు వల్లే అనుకుంటారు, చాలాసార్లు అది నిజమే కూడా. సీజను ముగిసి నెలలు గడిచినా గొంతు బొంగురు తగ్గకపోతే, దానికి తోడు గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే, గొంతు డాక్టరు దగ్గరే ఆగిపోకూడదు.

అక్కడి నుంచి దారి కష్టమైనదేమీ కాదు. స్త్రీలలో డెసిలీటరు రక్తానికి దాదాపు 15 నుంచి 70 నానోగ్రాముల దాకా ఉండే టెస్టోస్టిరాన్ 200 దాటితే గడ్డను అనుమానించాలి. డీహెచ్‌ఈఏ సల్ఫేట్ కూడా బాగా పెరిగితే దృష్టి అడ్రినల్ వైపు మళ్లాలి, ఎందుకంటే ఆ హార్మోను దాదాపుగా అక్కడే తయారవుతుంది. లైడిగ్ గడ్డలు కొన్ని మూడు సెంటీమీటర్ల లోపే ఉండి అల్ట్రాసౌండుకు చిక్కవు, కనుక స్కానింగులో ఏమీ లేదన్న కాగితం చూసి ఊరుకోవడం తగదు. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాల, దాని అనుబంధ సర్వజనాసుపత్రి ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. గడ్డ ఏ జాతిదో చివరికి తేల్చేది పాథాలజీ విభాగమే.

ఎక్కువ గడ్డలు ఒకవైపే ఉంటాయి, వ్యాపించకముందే బయటపడతాయి, అందువల్ల పిల్లలు కావలసిన స్త్రీకి ఆ ఒక్క అండాశయం తీస్తే చాలవచ్చు. శస్త్రచికిత్స అయిన కొద్ది రోజులకే టెస్టోస్టిరాన్ దిగుతుంది, నెలసరి తిరిగి వస్తుంది, వెంట్రుకలు మెల్లగా తగ్గుతాయి. స్వరపేటిక ఒకసారి మందమైతే మాత్రం పాత గొంతు పూర్తిగా రాకపోవచ్చు.

పురుగుమందులు కొట్టే ఈ నేలలో ఏ గడ్డ వచ్చినా అనుమానం ముందు వాటి మీదికే పోతుంది. సెర్టోలి–లైడిగ్ గడ్డల విషయంలో రుజువైన కారణం మాత్రం డైసర్-1 అనే జన్యువులోని లోపం. కొందరిలో అది పుట్టుకతోనే వస్తుంది, అదే లోపం థైరాయిడ్ గడ్డలకూ, పసిపిల్లల్లో అరుదైన ఊపిరితిత్తుల క్యాన్సరుకూ దారితీస్తుంది. కనుక ఒక అమ్మాయికి ఈ గడ్డ తేలినప్పుడు ఆమె మెడను, ఆ ఇంటి చిన్నపిల్లల ఊపిరితిత్తులను కూడా పరీక్షించాల్సి రావచ్చు.