సైబర్‌పంక్ రెడ్ ఆడుతున్నారా? ఈసారి దోపిడీ వదిలేసి, సపోర్ట్ ఆగిపోయిన కన్నుతో మొదలుపెట్టండి

మా గ్యాంగ్‌లో ఐదుగురం. నెలకి రెండు శనివారాలు మియాపూర్‌లో మా ఫ్లాట్‌లో కూర్చుని సైబర్‌పంక్ రెడ్ ఆడతాం. నేనే జీఎం, అంటే గేమ్ మాస్టర్‌ని. కథ నడిపేది నేనే, విలన్లకి డైలాగులు చెప్పేది నేనే, డైస్ కనిపించకపోతే సోఫా కింద వెతికేది కూడా నేనే. పోయిన ఏడాది వరసగా నాలుగు సెషన్లు ఒకటే కథ నడిచింది. ఫిక్సర్ ఫోన్ చేస్తాడు, కార్పొరేట్ బిల్డింగ్‌లోకి దూరతాం, చిప్ కొట్టేస్తాం, చివర్లో ఫిక్సర్ హ్యాండ్ ఇస్తాడు. ఐదో శనివారం ఇద్దరు రాలేదు. వచ్చినవాళ్లలో ఒకడు బిర్యానీ తిని రీల్స్ చూస్తూ కూర్చున్నాడు. గ్రూప్ మూసేద్దామా అనే దాకా వచ్చింది.

అప్పుడే సినిమాల్లోంచి కథలు ఎత్తడం మానేశాను. మనం రోజూ చదివే గ్యాడ్జెట్ వార్తల్లోంచి తీసుకోవడం మొదలుపెట్టా. ఆ ఐడియాలే ఇవి. కావాలంటే వాడేసుకోండి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. సైబర్‌పంక్ 2077 ఆడి ఉంటే, ఎడ్జ్‌రన్నర్స్ యానిమే చూసి ఉంటే ఈ ప్రపంచం మీకు తెలిసిందే. అదంతా పుట్టింది 1988లో మైక్ పాండ్‌స్మిత్ రాసిన పెన్ను, పేపర్ ఆటలోంచి. 2020లో వచ్చిన రెడ్ ఎడిషన్ కథ 2045లో, నైట్ సిటీలో జరుగుతుంది. కార్పొరేషన్ల యుద్ధం అయిపోయింది, పాత ఇంటర్నెట్ కూలిపోయింది. సోలో, టెక్, మెడ్‌టెక్, నెట్‌రన్నర్, నోమాడ్ లాంటి పది రోల్స్ ఉంటాయి. ఏ పని చేయాలన్నా మీ స్టాట్, మీ స్కిల్ కలిపి, దానికి పది ముఖాల డైస్ వేసి వచ్చిన నంబర్ కలపాలి. రూల్స్‌లో నాకు బాగా నచ్చేది నెల ఒకటో తారీఖు. కార్గో కంటైనర్‌లో ఉంటే అద్దె 1000 యూరోబక్స్, కిబుల్ అనే చవక తిండికి నెలకి 100. మామూలు పని ఒకటి చేస్తే మనిషికి వచ్చేది సుమారు 1000. లెక్క వేసుకోండి. హైదరాబాద్‌లో ఫ్రెషర్‌గా చేరిన ఎవరికైనా ఈ లెక్క వెంటనే అర్థమైపోతుంది.

కన్ను బానే ఉంది, కంపెనీయే లేదు

ముందు నిజంగా జరిగింది చెప్తా. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ ఆర్గస్ 2 అని ఒక రెటీనా ఇంప్లాంట్ చేసింది. 60 ఎలక్ట్రోడ్లు, కళ్లద్దాలకి చిన్న కెమెరా. చూపు పోయినవాళ్లకి వెలుగు, ఆకారాలు కొంతవరకు తెలిసేవి. 2013లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ప్రపంచం మొత్తం మీద 350 మందికి పైగా పెట్టించుకున్నారు. తర్వాత కంపెనీ డబ్బుల ఇబ్బందుల్లో పడి దాన్ని వదిలేసింది. రిపేర్ లేదు, అప్‌డేట్ లేదు. పాడైతే ఇక అంతే. తీయించుకోవాలంటే మళ్లీ ఆపరేషన్. 2022లో ఐఈఈఈ స్పెక్ట్రమ్ రాసిన కథనంతో ఈ సంగతి అందరికీ తెలిసింది.

ఆ కథనం చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ హియరింగ్ ఎయిడ్ సెట్టింగులన్నీ ఒక యాప్‌లో ఉంటాయి. మావయ్య ఫోన్ మార్చాడు, కొత్త ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ ఎక్కలేదు. కస్టమర్ కేర్‌కి చేస్తే "ఆ మోడల్‌కి సపోర్ట్ లేదండీ, కొత్తది తీసుకోండి" అన్నారు. మెషీన్‌కి ఏ రోగమూ లేదు! బీటెక్ చదివిన మనవణ్ని కదా అని పాత ఏపీకే వెతికి ఎక్కించా. ఓపెన్ అయింది గానీ పెయిర్ అవ్వలేదు. చివరికి స్క్రీన్ పగిలిన పాత ఫోన్‌ని ఆ యాప్ కోసమే బీరువాలో దాచాం. దాని బ్యాటరీ ఉబ్బిన రోజు ఏం చేస్తామో తెలీదు.

ఇక క్యాంపెయిన్. మీ ప్లేయర్లలో ఒకరికి మొదట్లోనే ఒక జత సైబర్‌ఐలు ఇవ్వండి. రూల్‌బుక్‌లో ఉండే 100 యూరోబక్స్ కన్ను కాదు. అదైతే మార్కెట్‌కెళ్లి ఇంకోటి కొనేస్తారు. ఇది నరానికి నేరుగా కలిపిన ప్రోటోటైప్ అని, తీస్తే చూపే పోతుందని చెప్పండి. చేసిన కంపెనీ దివాలా తీసింది. ప్రతి సెషన్ మొదట్లో జీఎం ఒక పది ముఖాల డైస్ వేస్తాడు. 1 గానీ 2 గానీ పడితే ఒక ఫీచర్ చచ్చిపోతుంది. ముందు లో లైట్, తర్వాత జూమ్, తర్వాత రంగులు. ఇది నా సొంత రూల్, పుస్తకంలో వెతక్కండి.

పని చెప్పడానికి ఫిక్సర్ అవసరం లేదు. ఆ కంపెనీలో సర్వీస్ ఇంజనీర్‌గా చేసినవాడు ఎక్కడున్నాడు? దివాలా వేలంలో సోర్స్ కోడ్ ఎవరు కొన్నారు? పెయిర్ అయ్యే ఆఖరి సర్వీస్ ట్యాబ్లెట్ ఎవరి బీరువాలో ఉంది? ఇవి చాలు, ఆరేడు సెషన్లు వాటంతటవే నడుస్తాయి.

మా టేబుల్ దగ్గర ఏం జరిగిందంటే, నాలుగో సెషన్‌కి స్పేర్ కిట్ దొరికింది. ఒకటే కిట్. అది బట్టలు కుట్టుకుని బతికే ఒక ముసలావిడ దగ్గరుంది. ఆవిడవీ అవే కళ్లు. నేను ఆవిడ గొంతుతో "బాబూ, ఇది నువ్వు తీసుకుపోతే నేను సూదిలో దారం ఎలా ఎక్కించాలి?" అన్నాను. మా సోలో, అదే ఆ రీల్స్ చూసినవాడు, చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఫోన్ బోర్లా పెట్టేసి ఉంది. తర్వాత నెమ్మదిగా "గన్ తీస్తున్నా" అన్నాడు. కిట్ తీసుకున్నాడు. డైస్ కూడా వేయాల్సిన పని రాలేదు, ఆవిడే ఇచ్చేసింది. ఆ రాత్రి ఎవరూ జోకులు వేయకుండా ఇళ్లకి వెళ్లారు. బుధవారం వాడే ఫోన్ చేసి, "రేయ్, ఆ ముసలావిడకి ఏదన్నా దారి ఉందా?" అని అడిగాడు. ఆఫీస్ టైంలో!

అందరి గుండెకీ అప్‌డేట్

2017 ఆగస్టులో అమెరికాలో సుమారు 4,65,000 పేస్‌మేకర్లకి సెక్యూరిటీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. అబాట్ కంపెనీవి. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకుంటే ఇన్‌స్టాల్ అయిపోయే రకం కాదు. పేషెంట్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, మూడు నిమిషాల పని, ఆ మూడు నిమిషాలూ పేస్‌మేకర్ బ్యాకప్ మోడ్‌లో నడుస్తుంది. అప్‌డేట్ ఫెయిలయ్యే రిస్క్ చాలా చిన్నదే గానీ, ఉంది.

దీన్ని నైట్ సిటీకి తీసుకెళ్లండి. మెడ్‌టెక్ చేతికి ముప్పై పేర్ల లిస్ట్, వారం టైం. 2045లో నెట్ కూలిపోయింది కాబట్టి రిమోట్‌గా పంపడం కుదరదు, గడప గడపకీ తిరగాలి. సగం మంది తలుపే తీయరు. ఒకడు గ్యాంగ్ లీడర్, పదకొండో పేరు మీ సోలో పాత శత్రువు. ఐదో రోజు మీ టెక్ ఆ కోడ్ తెరిచి చూస్తే, సెక్యూరిటీ ప్యాచ్‌తో పాటు చిన్న కొసరు: నెల చందా కట్టకపోతే గుండె వేగం తగ్గించే ఫంక్షన్. ఈఎంఐ తప్పితే ఫోన్ లాక్ అవుతుందని విన్న దేశంలో దీన్ని వివరించి చెప్పక్కర్లేదు. అప్‌డేట్ వేయకపోతే హ్యాకర్లు చంపొచ్చు, వేస్తే కంపెనీ చంపొచ్చు. అప్పటికే ఇరవై మందికి వేసేశారు.

నాకైతే మొదటి ఐడియా కన్నా ఇదే గట్టిది అనిపిస్తుంది. ఇంకా ఆడలేదు, దాచుకున్నా.

వారానికో హార్డ్ డిస్క్

క్యూబాలో ఎల్ పకేతే సెమనాల్ అని ఒకటుంది. ఇంటర్నెట్ దొరకని జనం కోసం సుమారు ఒక టెరాబైట్ సినిమాలు, సీరియళ్లు, యాప్‌లు, యాడ్లు నింపిన డిస్క్ వారం వారం చేతులు మారుతుంది. మనకి వింతేం కాదు. జియో రాకముందు మా ఊరి బస్టాండ్ దగ్గర సెల్ షాపులో మెమరీ కార్డ్ ఇచ్చి పాటలు వేయించుకున్నవాళ్లమే కదా.

రెడ్‌లో నెట్‌రన్నర్ కూడా ఇంట్లో కూర్చుని హ్యాక్ చేయలేడు, యాక్సెస్ పాయింట్‌కి ఆరు మీటర్ల లోపు ఉండాలి. కాబట్టి డేటా అంటే మోసుకెళ్లాల్సిన వస్తువు. మీ నోమాడ్ బండి నడుపుతాడు, మీడియా ఏం ఎక్కించాలో తేలుస్తాడు. ప్రతి సెషన్‌కీ ఒకటే ప్రశ్న వేయండి: ఈ వారం డిస్క్‌లో ఏం పెట్టాలి, చోటు లేదు కాబట్టి ఏం తీసేయాలి? హంతకుడి వీడియోనా, పిల్లల సీరియలా? సీరియల్ తీసేస్తే కస్టమర్లు పోతారు, డబ్బులు రావు, ఒకటో తారీఖు వచ్చేస్తుంది.

ఇంకోటి త్వరగా చెప్పేస్తా. పోలండ్‌లో న్యూవాగ్ కంపెనీ రైళ్లు బయటి వర్క్‌షాప్‌లో రిపేర్ అయ్యాక కదలడం మానేశాయి. డ్రాగన్ సెక్టార్ అనే హ్యాకర్ల టీమ్ కోడ్ తవ్వితే, కొన్ని వర్క్‌షాప్‌ల జీపీఎస్ లొకేషన్లలో నిలబెడితే లాక్ అయ్యేలా రాసుందని 2023లో బయటపెట్టారు. కంపెనీ మాత్రం మాకు సంబంధం లేదంది. ఒక్క రాత్రి సెషన్‌కి ఇది చాలు. రైలు ఆగిపోయింది, లోపల మూడొందల మంది, తెల్లారేలోపు కదిలించండి.

ఒక జాగ్రత్త. కథని నైట్ సిటీలోనే ఉంచండి. మేం ఒకసారి హైటెక్ సిటీకి మార్చి చూశాం, రెండు గంటలు ట్రాఫిక్ జోకులతోనే గడిచిపోయాయి. అలాగే ఇలాంటి కథలు మొదలుపెట్టే ముందు ప్లేయర్లని ఒకమాట అడగండి. ఇంట్లో ఎవరికైనా ఈమధ్యే గుండె ఆపరేషన్ అయిందనుకోండి, పేస్‌మేకర్ కథ వాళ్లకి సరదాగా ఉండదు.

పుస్తకం కొనకుండా ట్రై చేయాలంటే ఈజీ మోడ్ అనే ఫ్రీ పీడీఎఫ్ ఉంది, మొదటి రెండు మూడు సెషన్లకి సరిపోతుంది. పది ముఖాల డైస్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఆరు ముఖాలవి లూడో డబ్బాలోంచి తీసుకోండి. డైస్ యాప్ వాడొచ్చు గానీ, ఫోన్ చేతిలోకి వచ్చాక రీల్స్ ఎంతో దూరంలో ఉండవు.

మా వాళ్లు వచ్చే శనివారం ఆ ముసలావిడ ఇంటికి మళ్లీ వెళ్తామంటున్నారు. తలుపు తీస్తుందో లేదో నేనింకా రాసుకోలేదు.