మార్కుల పట్టికకు కాపలా: పైథాన్‌లో విలువల నియమాలు

మన సరిహద్దు గ్రామాల కుటుంబాలకు దరఖాస్తు పత్రాలతో పరిచయం ఎక్కువ. ఇంట్లో మాట తెలుగు. బడిలో పుస్తకం కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. పత్రం మీద పేరు వ్రాయవలసినది ఆంగ్లంలో. ఆ పత్రాలలో చాలా వరకు నేడు కంప్యూటరు తెర మీదికి చేరాయి. పేరు టైపు చేయగానే "చెల్లని విలువ" అని ఎర్రని అక్షరాలు కనబడటం చాలామందికి అనుభవమే. ఆ మాట యంత్రం సొంతంగా అన్నది కాదు. ఎవరో ముందుగా వ్రాసి యంత్రానికి అప్పగించిన నియమం అన్న మాట అది. ఆ నియమాన్ని ఎలా వ్రాస్తారు, ఎక్కడ పొరబాటు జరుగుతుంది అన్నది ఈ వ్యాసంలో చూద్దాము.

సి.బి.ఎస్.ఇ. 11, 12 తరగతుల కంప్యూటరు సైన్సులోను, తమిళనాడు ప్లస్ టూ కంప్యూటరు సైన్సులోను పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషను బోధిస్తున్నారు. మన పిల్లలకు అందుబాటులో ఉన్న భాష అదే కనుక ఉదాహరణలను దాని నుండే తీసుకుందాము. ఒక పాఠశాల మార్కుల పట్టికను కంప్యూటరులో నిలపడం మన పని అనుకుందాము.

రకం అంటే ఏమిటి?

ప్రోగ్రాములో ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క వస్తువుగా భావిస్తారు. దీనినే ఆబ్జెక్టు అంటారు. పేరు, ప్రవేశ సంఖ్య, పుట్టిన తేదీ, మార్కులు మొదలైనవి ఆ వస్తువుకు ఉండే పారామీటర్లు. ప్రతి పారామీటరుకు ఒక రకం ఉంటుంది. పేరు అక్షరాల వరుస, మార్కులు పూర్ణసంఖ్య, పుట్టిన రోజు తేదీ, బడి బస్సు కావాలా అన్న ప్రశ్నకు జవాబు అవును లేక కాదు. పాలను మూరలతోను, బట్టను శేర్లతోను కొలవము కదా! ఏ విలువకు ఏ కొలత తగునో ముందే నిర్ణయించడమే రకం చెప్పడం.

అంకెలు కనబడినంత మాత్రాన అది సంఖ్య కాదు. 0457 అనే ప్రవేశ సంఖ్యను పూర్ణసంఖ్యగా మార్చితే ముందున్న సున్న పోయి 457 మిగులుతుంది. పాత రిజిస్టరుతో పోల్చినప్పుడు ఆ బిడ్డ వివరం దొరకదు. కూడికకు, తీసివేతకు పనికివచ్చే దానిని సంఖ్యగా ఉంచాలి. గుర్తుగా మాత్రమే వాడే దానిని అక్షరాల వరుసగా ఉంచాలి.

పైథాన్ తనంతట తాను ఆపదు

గైడో వాన్ రాసమ్ రూపొందించిన పైథాన్ 1991లో వెలువడింది. అందులో ఒకే పేరుకు ఇప్పుడు సంఖ్యను, మరుక్షణం అక్షరాలను అప్పగించవచ్చును. నేర్చుకొనేవారికి ఇది సౌకర్యం. రిజిస్టరుకు ఇది ప్రమాదం. వ్రాత పరీక్షలో 72, మౌఖిక పరీక్షలో 15 వస్తే మొత్తం 87 కావాలి. కానీ టైపు చేసిన విలువలు అక్షరాలుగానే ఉండిపోతే, కూడిక గుర్తు వాటిని పక్కపక్కన అంటించి 7215 అని ఇస్తుంది. హెచ్చరిక ఏదీ రాదు.

2015లో వచ్చిన పైథాన్ 3.5 నుండి పేర్ల పక్కన రకాన్ని సూచనగా వ్రాసే పద్ధతి ప్రామాణికమైంది. అది చదివేవారికి, విడిగా ఉండే తనిఖీ పనిముట్లకు ఉపయోగపడుతుంది. ప్రోగ్రాము నడిచే వేళ మాత్రం పైథాన్ ఆ సూచనను అమలు చేయదు. "చెప్పులు బయట విడువవలెను" అని గోడ మీద వ్రాసి, గుమ్మం వద్ద ఎవరినీ నిలపనట్లే.

గుమ్మం వద్ద నిలిచే పారామ్

ఇతరులు ముందే వ్రాసి ఉంచిన ప్రోగ్రాము భాగాల సంపుటిని లైబ్రరీ అంటారు. అటువంటి ఉచిత లైబ్రరీలలో పారామ్ ఒకటి. మెదడులోని నాడీకణాల అల్లికను అనుకరించే టోపోగ్రాఫికా అనే సాఫ్ట్‌వేరు కోసం మొదలై, తరువాత విడి లైబ్రరీగా నిలిచింది. ఇందులో ప్రతి పారామీటరును ప్రకటించే చోటనే దాని నియమాలన్నీ వ్రాయవచ్చును. మన పట్టికలో మార్కులను ఇలా ప్రకటిస్తాము: రకం పూర్ణసంఖ్య, హద్దులు 0 నుండి 100 వరకు, ఎవరూ విలువ ఇవ్వనప్పుడు ఉండవలసిన తొలి విలువ ఇది, ఈ పారామీటరు దేనికోసమో తెలిపే వివరణ ఇది. బోధనా మాధ్యమానికైతే తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ, ఆంగ్లం అని జాబితా ఇచ్చి, అందులోనుండే ఎంచుకోవాలని నియమించవచ్చును.

ఇక ఎవరైనా 72కు బదులు 172 అని ఇస్తే ఆ విలువ లోపలికి పోదు. ఏ పారామీటరు ఏ హద్దును దాటిందో చెప్పే సందేశంతో ప్రోగ్రాము అక్కడే ఆగుతుంది. వస్తువు తయారయిన తరువాత విలువను మార్చబోయినా అదే పరీక్ష మళ్లీ జరుగుతుంది. ప్రవేశ సంఖ్యను స్థిరమని ప్రకటిస్తే, మొదట ఒకసారి ఇవ్వవచ్చును గాని తరువాత మార్చడానికి వీలు లేదు.

ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చును. 172 లోపలికి పోయిందంటే మొత్తం మారుతుంది, సగటు మారుతుంది, తరగతి స్థానాలు మారుతాయి. తప్పు బయటపడే వేళకు అది ఎక్కడ ప్రవేశించిందో వెదకడం కష్టం. గుమ్మం వద్ద ఆపితే తప్పు, దాని చోటు రెండూ ఒకేసారి తెలుస్తాయి.

సున్న వేరు, ఖాళీ వేరు

ఉపాధ్యాయులందరూ ఎరిగిన భేదం ఒకటి ఉన్నది. పరీక్ష వ్రాసి సున్న తెచ్చుకొన్న బిడ్డ వేరు. జ్వరం వచ్చి పరీక్షకు రాని బిడ్డ వేరు. మార్కుల తొలి విలువను 0 అని పెడితే, ఎవరూ నింపని గడి కూడా సున్నగా చలామణి అవుతుంది. ఆ బిడ్డ తప్పినట్లు లెక్క తేలుతుంది. పైథాన్‌లో "ఏమీ లేదు" అని తెలిపే నన్ అనే ప్రత్యేక విలువ కలదు. పారామ్‌లో తొలి విలువగా నన్‌ను పెడితే, ఖాళీగా ఉండటానికి అనుమతి తానే ఏర్పడుతుంది. అప్పుడు మొత్తం వేయబోతే, నన్‌తో కూడిక కుదరదని ప్రోగ్రాము ఆగుతుంది. తప్పు మొత్తం చూపడం కంటే అలా ఆగడమే మేలు.

మార్చి తీసుకోవాలా, తిప్పి పంపాలా?

పూర్ణసంఖ్య కావలసిన చోట 72 అక్షరాల రూపంలో వస్తే పారామ్ నిరాకరిస్తుంది. 2017లో వెలువడిన పైడాంటిక్ అనే మరొక లైబ్రరీ సాధారణంగా దానిని సంఖ్యగా మార్చి స్వీకరిస్తుంది. "డెబ్బది రెండు" అని వ్రాస్తే మాత్రం త్రోసిపుచ్చుతుంది. కఠిన పద్ధతి కావాలని కోరితే అది కూడా మార్పు చేయదు. ఒక జాగ్రత్త: వస్తువు తయారయిన తరువాత చేసే మార్పులను పైడాంటిక్ అడగనిదే పరీక్షించదు, ఆ పరీక్ష కావాలని విడిగా ప్రకటించాలి. తెర నుండి, ఫైలు నుండి వచ్చే సమాచారానికి మార్చి తీసుకొనే పద్ధతి అనుకూలం. ప్రోగ్రాము లోపలి విలువలకు కఠిన పద్ధతి క్షేమం.

మన అక్షరాలకు జరిగే అన్యాయం

పేరులో అక్షరాలే ఉండాలి అనే నియమం న్యాయంగానే తోస్తుంది. పైథాన్‌లో ఒక మాట అంతా అక్షరాలేనా అని అడగడానికి ఈజ్‌ఆల్ఫా అనే సాధనం ఉన్నది. "రమ" అన్న పేరుకు అది అవునంటుంది. "రాము" అన్న పేరుకు కాదంటుంది! కారణం ఇది. ప్రపంచ లిపులన్నింటికీ సంకేతాలు కేటాయించిన యూనికోడ్ ప్రమాణంలో దీర్ఘము, కొమ్ము, పొల్లు మొదలైనవి అక్షరాలుగా కాక, అక్షరానికి చేరే గుర్తులుగా లెక్కకు వస్తాయి. ఈజ్‌ఆల్ఫా ఆ గుర్తులను అంగీకరించదు. కన్నడ, తమిళ, ఒడియా, దేవనాగరి లిపులలో గుణింతపు గుర్తులున్న పేర్లకూ ఇదే గతి.

పొడవు హద్దుల సంగతీ ఇటువంటిదే. "లక్ష్మి" మనకు రెండక్షరాల పేరు. పైథాన్ లెక్కలో అది 7 సంకేతాలు. పేరుకు ఇరవై సంకేతాలకు మించరాదని హద్దు పెడితే, ఇంటిపేరుతో కలిపి వ్రాసే మన పేర్లు ఎన్నో సగంలో తెగిపోతాయి. మన "ర" అక్షరమూ, కన్నడ లిపిలోని "ర" అక్షరమూ కంటికి ఒకటే. యూనికోడ్‌లో వాటి సంకేతాలు వేరు. ఒకే బిడ్డ పేరు రెండు రిజిస్టర్లలో రెండు లిపులలో ఉంటే కంప్యూటరుకు ఇద్దరు బిడ్డలవుతారు.

ఇంటిపేరు విషయం కూడా చెప్పుకోవాలి. మనము ఇంటిపేరును ముందు వ్రాస్తాము. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరాన్ని పొడిగా చేర్చే అలవాటు ఎక్కువ. ఈ రెండు అలవాట్లనూ ఎరుగని వ్యక్తి "చివరి పేరు తప్పనిసరి, కనీసం రెండక్షరాలు" అని నియమం వ్రాస్తే, నిజమైన పేరు గల బిడ్డకు అబద్ధపు పేరు అంటగట్టవలసి వస్తుంది. పేరుకు ఒకే గడి ఉంచి, అది ఖాళీగా ఉండరాదు అన్నంతవరకే నియమం పెట్టడం ఉత్తమం.

పరీక్ష చేయలేనిది

రకం, హద్దు సరిపోయినంత మాత్రాన విలువ నిజమని కాదు. 14కు బదులు 41 వేస్తే రెండూ హద్దులోనివే. ఏ లైబ్రరీ పట్టుకోలేదు. 1999 సెప్టెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంగారకునికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నష్టపోయింది. భూమి మీది ఒక సాఫ్ట్‌వేరు పౌండ్ల కొలతలో ఇచ్చిన విలువలను మరొకటి న్యూటన్ల కొలతగా తీసుకొన్నది. సంఖ్య సంఖ్యగానే వచ్చింది. దాని కొలత మాత్రం తోడు రాలేదు. 03/04/2012 అనే పుట్టిన తేదీ కూడా అటువంటిదే. మనకు అది ఏప్రిల్ 3. అమెరికా పద్ధతిలో మార్చి 4. అందుచేత పారామీటరు వివరణలో కొలతను, తేదీ క్రమాన్ని స్పష్టంగా వ్రాయాలి. నింపిన విలువను మూల పత్రంతో మనిషి సరిచూడాలి.

ప్రోగ్రాము నేర్చుకొంటున్న విద్యార్థులు నియమాలు వ్రాసిన వెంటనే రెండు జాబితాలతో వాటిని పరీక్షించాలి: తప్పక నిరాకరింపబడవలసినవి ఒక జాబితా, తప్పక అంగీకరింపబడవలసినవి మరొకటి. మొదటి దానిని పాఠ్యపుస్తకం సాయంతో తయారు చేయవచ్చును. రెండవ దానికి ఇంట్లోని పెద్దలను అడిగి, ఊరిలోని పేర్లను అన్ని లిపులలోను ఉన్నవి ఉన్నట్లు వ్రాసుకోవాలి. ఆ పేర్లలో ఒక్కటి నిరాకరింపబడినా దిద్దవలసినది నియమాన్నే గాని పేరును కాదు.